మాసిదోనియకు వెళ్లిన ఇద్దరు పౌలులు



మన కూడికలో ఆరాధన అయ్యాక సాక్ష్యాలకు కొంత సమయం ఇస్తారు కదా. కొన్నేళ్ల క్రితం, ఒక ఏప్రిల్ ఆదివారం, నేనూ లేచి మైకు పట్టుకున్నాను. హెచ్1బి లాటరీలో నా పేరు వచ్చింది. అది నాకు మూడోసారి, ఆఖరిసారి కూడా. ఓపీటీ గడువు దగ్గర పడుతోంది, అమ్మానాన్నలు అక్కడ ఉపవాసాలు ఉంటున్నారు. ఆ ఉద్వేగంలో గొంతు పూడుకుపోయింది. దేవుడు నా ప్రార్థన విన్నాడని, ఆయన్ని గట్టిగా నమ్మితే కార్యం జరిగి తీరుతుందని చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. ఒక ఆంటీ కళ్లు తుడుచుకుంటూ వచ్చి నా తలమీద చెయ్యి పెట్టారు.

మూడో వరుసలో నా రూమ్మేట్ కూర్చుని ఉన్నాడు. ఇద్దరం ఒకే యూనివర్సిటీలో మాస్టర్స్ చేశాం, ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉన్నాం. ఆ మార్చి నెలంతా రాత్రి 10 గంటలకు ఇద్దరం మోకరించి, ఇద్దరి పేర్లూ చెప్పి ప్రార్థన చేసుకున్నాం. వాడి పేరు రాలేదు. వాడికీ అదే ఆఖరిసారి.

ఇంటికి వస్తుంటే కారులో వాడు ఒక్క మాట అడిగాడు. "ఒరేయ్, మనిద్దరం కలిసే కదా ప్రార్థన చేసింది. మరి అందులో నా వంతు ఎక్కడికి పోయినట్టు?" కోపంగా అడగలేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. నాకేమీ తోచక "దేవుడి సమయం వేరే ఉంటుంది రా" అన్నాను. ఆ మాట నాకే నిలబడినట్టు అనిపించలేదు. కొన్ని నెలలకు వాడు సామాను సర్దుకుని ఇండియా వెళ్లిపోయాడు. ఎయిర్‌పోర్టులో దింపి వచ్చాను. ఆ తరువాత ఏడాదిపాటు నేను వాడికి సరిగ్గా ఫోన్ కూడా చేయలేదు.

ఆ లాటరీ సంగతి మనలో చాలామందికి తెలిసిందే. ఏడాదికి 65,000 వీసాలు, ఇక్కడ మాస్టర్స్ చేసినవారికి మరో 20,000. అడిగేవాళ్లు అంతకన్నా చాలా ఎక్కువ. అప్పటి పద్ధతిలో కంప్యూటర్ ఎవరి పేరు తీస్తే వారిది. అది మార్కులు చూడదు, మంచితనం చూడదు. నేను కంప్యూటర్ సైన్స్ చదివినవాణ్ణి. అలా పేర్లు తీసే ప్రోగ్రాం ఎలా రాస్తారో నాకు తెలుసు. అయినా ఆ ఆదివారం నా పేరు రావడానికి నా విశ్వాసమే కారణమన్నట్టు మాట్లాడాను. మరి వాడి పేరు రాకపోవడానికి ఏది కారణమని చెప్పినట్టు?

ఈ ప్రశ్నను నేను చాలాకాలం పక్కన పెట్టేశాను. గత ఏడాది ఆఫీసుకు వెళ్లివచ్చే ట్రైన్‌లో చదువుకుందామని లైబ్రరీ నుంచి ప్లూటార్క్ రాసిన జీవితచరిత్రల ఇంగ్లిష్ అనువాదం తెచ్చుకున్నాను. అందులో ఒక రోమా సేనాపతి కథ దగ్గర ఆగిపోయాను. మనవాడు కాదు, మన దేవుణ్ణి ఎరగనివాడు, క్రీస్తుకు 160 ఏళ్ల ముందే చనిపోయినవాడు. అయినా నా సాక్ష్యాన్ని నాకు అద్దంలో చూపించాడు.

ఏటి దగ్గర తప్పించుకున్న పశువు

అతని పేరు లూషియస్ ఎమీలియస్ పౌలుస్. క్రీ.పూ. 168లో రోమా ప్రజలు అతన్ని రెండోసారి కాన్సుల్‌గా ఎన్నుకున్నారు. మాసిదోనియ రాజు పెర్సియస్‌తో యుద్ధం అప్పటికి మూడేళ్లుగా సాగుతోంది, తెగడం లేదు. ఎన్నికైన రోజు పౌలుస్ ఇంటికి వచ్చేసరికి అతని చిన్న కూతురు ఏడుస్తోందట. ఏమైందని అడిగితే పెర్సియస్ చచ్చిపోయాడని చెప్పింది. పెర్సియస్ అనేది ఆ పాప కుక్కపిల్ల పేరు. తండ్రి దాన్ని శుభశకునంగా తీసుకుని పాపను ముద్దు పెట్టుకున్నాడని ప్లూటార్క్ రాశాడు. రోమీయులు అలాంటివారు. యుద్ధానికి ఎంత లెక్కగా సిద్ధపడతారో, శకునాన్ని అంత శ్రద్ధగా చూస్తారు.

పిడ్నా అనే ఊరి దగ్గర రెండు సైన్యాలూ ఎదురెదురుగా దిగాయి. ముందు రాత్రి చంద్రగ్రహణం పట్టింది. రోమా సైనికులు కంచు పాత్రలు మోగిస్తూ కాగడాలు పైకెత్తారు. మాసిదోనియ శిబిరంలో అది తమ రాజు పతనానికి గుర్తని గుసగుసలాడుకున్నారు. మర్నాడు మధ్యాహ్నం దాకా ఎవరూ కదలలేదు. రెండు సైన్యాల మధ్య ఒక చిన్న ఏరు ఉంది. అక్కడ ఒక పశువు కాపరుల చేతిలోంచి తప్పించుకుని అవతలి ఒడ్డు వైపు పరుగెత్తింది. దాని వెంట ముగ్గురు సైనికులు, వాళ్లకు అవతలి నుంచి ఇద్దరు అడ్డం. అక్కడ మొదలైన తోపులాట పెద్దదై మహాయుద్ధమైంది. సేనాపతులు ఎన్ని ఆలోచనలు చేసినా చివరికి యుద్ధాన్ని మొదలుపెట్టింది అదృష్టమేనని రోమా చరిత్రకారుడు లివీ అభిప్రాయం.

మాసిదోనియ సైన్యం పొడవాటి ఈటెలు పట్టుకుని, భుజానికి భుజం ఆనించి, కదిలే గోడలా వచ్చింది. ఆ గోడను చూసి తనకు భయం వేసిందని పౌలుస్ తరువాత చాలాసార్లు చెప్పుకున్నాడట. అయితే నేల ఎగుడుదిగుడుగా మారగానే గోడలో చీలికలు వచ్చాయి. చిన్న చిన్న దళాలుగా ఉన్న రోమీయులు ఆ సందుల్లోకి చొచ్చుకుపోయారు. యుద్ధం గంటసేపు జరిగింది. మాసిదోనియవారు 20,000 మంది చనిపోయారని, రోమీయులు 100కు మించలేదని లివీ లెక్క. అలెగ్జాండరు కూర్చున్న సింహాసనం ఒక్క మధ్యాహ్నంలో కూలిపోయింది.

ఓడిన రాజు ఎదుట

పెర్సియస్ పారిపోయి సమొత్రాకే ద్వీపంలోని గుడిలో దాక్కున్నాడు. చివరికి లొంగిపోయాడు. అతన్ని శిబిరానికి తెచ్చినప్పుడు పౌలుస్ లేచి ఎదురువెళ్లి చెయ్యి ఇచ్చాడు. తరువాత గుడారంలో చాలాసేపు మౌనంగా కూర్చుని, అక్కడున్న పడుచు అధికారులతో మాట్లాడాడు. నిన్నటి రాజు ఇవాళ ఎలా ఉన్నాడో చూడండి, గెలిచినప్పుడు విర్రవీగకండి, ఈ సాయంత్రం మనకేం కాబోతోందో మనలో ఎవరికీ తెలియదు అన్నది అతని మాటల సారాంశం.

ఈ ఘట్టం నాకు చాలా నచ్చింది. రోమీయుల జ్ఞానంలో గొప్పదంతా ఇందులో ఉంది. యుద్ధంలో గెలుపు పూర్తిగా మన చేతిలో ఉండదు. అదృష్టం వస్తుంది, పోతుంది. మన చేతిలో ఉండేది మన ప్రవర్తన ఒక్కటే. వచ్చినప్పుడు పొంగకుండా, పోయినప్పుడు కుంగకుండా నిలబడగలవాడే మనిషి. ఆ పాఠం చెప్పిన పౌలుస్‌కు దాన్ని పాటించి చూపవలసిన రోజు త్వరగానే వచ్చింది.

అతనికి నలుగురు కొడుకులు. మొదటి భార్య కొడుకులు ఇద్దరినీ వేరే గొప్ప కుటుంబాలకు దత్తత ఇచ్చేశాడు. ఇంటి పేరు నిలబెట్టడానికి రెండో భార్య కొడుకులు, 12 ఏళ్లవాడూ 14 ఏళ్లవాడూ, మిగిలారు. క్రీ.పూ. 167లో రోములో మూడు రోజుల విజయోత్సవం జరిగింది. మొదటిరోజు విగ్రహాలూ చిత్రపటాలూ 250 బండ్ల మీద వెళ్లాయి. రెండోరోజు ఆయుధాలు, వాటి వెనుక 3,000 మంది మోసిన వెండి నాణేలు. మూడోరోజు బంగారం, దాని వెనుక పెర్సియస్ పిల్లలు. ఇద్దరు మగపిల్లలు, ఒక ఆడపిల్ల. ఏం జరుగుతోందో తెలియని వయసు. ఆ పసివాళ్లను చూసి రోమా జనం కూడా ఏడ్చారు.

ఆ ఉత్సవానికి 5 రోజుల ముందు పౌలుస్ కొడుకు ఒకడు చనిపోయాడు. ఉత్సవమైన 3 రోజులకు రెండోవాడూ చనిపోయాడు. అప్పుడతను ప్రజల ముందుకు వచ్చి ప్రసంగించాడు. ఇటలీ నుంచి ఒక్కరోజులో సముద్రం దాటానని, 15 రోజుల్లో యుద్ధం ముగించానని, అంతా ఇంత సాఫీగా జరగడం చూసి తనకు భయం పట్టుకుందని చెప్పాడు. దీనికి మారుగా కీడు ఏదైనా రావలసి ఉంటే అది రోము మీదికి కాక నా ఇంటి మీదికే రావాలని కోరుకున్నాను, అలాగే వచ్చింది, ఇక రోముకు భయం లేదు అన్నాడు. ఓడిన పెర్సియస్‌కు పిల్లలు బతికున్నారని, గెలిచిన తనకు లేరని కూడా చెప్పాడు.

ట్రైన్‌లో ఈ పేజీ చదివి పుస్తకం మూసేశాను. ఎంత పెద్ద గుండె! ఇద్దరు పిల్లల్ని పోగొట్టుకున్న తండ్రి జనాన్ని ఓదారుస్తున్నాడు. తన విజయం గురించి చెబుతూ ఓడిపోయిన శత్రువు పేరు తలుచుకుంటున్నాడు. నా విజయం గురించి చెబుతూ నేను నా పక్క మంచం స్నేహితుడి పేరు కూడా ఎత్తలేదు.

లెక్కలోకి రానివాళ్లు

అయితే కథలో నేను ఇంకా చెప్పని భాగం ఒకటుంది. అది యుద్ధానికీ ఉత్సవానికీ మధ్యలో జరిగింది.

మాసిదోనియకు పడమట ఎపిరస్ అనే ప్రాంతం ఉంది. అక్కడ పెర్సియస్ పక్షం వహించిన ఊళ్లను దోచుకొమ్మని సెనేట్ ఆజ్ఞ ఇచ్చింది. పౌలుస్ ప్రతి ఊరి నుంచి 10 మంది పెద్దల్ని పిలిపించాడు. ఊళ్లో ఉన్న వెండి బంగారాలన్నీ ఒకచోట చేర్చమన్నాడు. తమను విడిచిపెట్టడానికే సైనికులు వస్తున్నారని ఆ ఊళ్లవాళ్లు అనుకున్నారు. నిర్ణయించిన రోజున, ఒకే గడియలో, అన్ని ఊళ్లలోనూ సైనికులకు సంకేతం ఇచ్చారు. 70 ఊళ్లు దోచేశారు. 1,50,000 మందిని బానిసలుగా పట్టుకున్నారు. అంతా అయ్యాక ఒక్కో సైనికుడికి దక్కింది 11 ద్రక్మాలేనని ప్లూటార్క్ రాశాడు. పౌలుస్ స్వభావం మెత్తనిదని, ఇది అతని స్వభావానికి విరుద్ధమని కూడా రాశాడు.

స్వభావానికి విరుద్ధమే కావచ్చు. కానీ ఆ పని జరిగింది, ఎంతో పద్ధతిగా జరిగింది.

ఇప్పుడు అతని ప్రసంగాన్ని మళ్లీ చదవండి. అదృష్టం తీసుకున్న మూల్యాన్ని అతను లెక్క కట్టాడు. తన ఇద్దరు కొడుకులు, పెర్సియస్ పిల్లలు. అంతే. 1,50,000 మందిలో ఎంతమంది పిల్లలు ఉండి ఉంటారు? తల్లి ఒక సంతకు, పిల్లవాడు మరో సంతకు అమ్ముడుపోయి ఉంటారు కదా? వాళ్లు ఆ లెక్కలో లేరు. రోము విజయానికి మూల్యం తన ఇల్లే చెల్లించిందని అతను నిజంగానే నమ్మాడు. అప్పటికే 70 ఊళ్లు చెల్లించాయన్న సంగతి అతనికి తట్టలేదు. మాసిదోనియ నుంచి వచ్చిన ధనం ఎంతంటే, ఆ తరువాత వందేళ్లకు పైగా, క్రీ.పూ. 43 దాకా, రోమా పౌరులు ఆస్తి పన్ను కట్టనవసరం లేకపోయింది. వాళ్లకు అది దీవెనే.

పౌలుస్ చెడ్డవాడని నేను అనడం లేదు. రాజు ఖజానాలోంచి తనకంటూ ఏమీ తీసుకోలేదు, చదువుకునే కొడుకుల కోసం పుస్తకాలు మాత్రం తీసుకోనిచ్చాడు. పెద్దగా ఆస్తి లేకుండానే చనిపోయాడు. మంచివాడు, నిగ్రహం ఉన్నవాడు, వినయం ఉన్నవాడు. నన్ను భయపెట్టేదే అది. మనిషి అదృష్టం ముందు ఎంతో వినయంగా ఉంటూనే, తన కాలికింద నలిగినవాణ్ణి చూడకుండా ఉండగలడు.

దత్తత వెళ్లిన అతని కొడుకు స్కిపియో ఎమీలియానస్ క్రీ.పూ. 146లో కార్తేజ్ నగరాన్ని తగలబెట్టాడు. తగలబడుతుంటే చూస్తూ ఏడ్చాడని, ఒకనాటికి రోముకూ ఇదే గతి పడుతుందేమోనని తన గురువు పోలీబియస్‌తో అన్నాడని చరిత్రలో ఉంది. తండ్రి నేర్పిన పాఠం కొడుకు మరచిపోలేదు. అయినా మంటలు ఆపించలేదు. కోటలోంచి బయటికి వచ్చిన దాదాపు 50,000 మంది బానిసలయ్యారు. అతని కన్నీళ్లు తన రోము కోసం.

మన ప్రభువు కూడా ఒక నగరాన్ని చూసి ఏడ్చాడు (లూకా 19:41). ఆ నగరాన్ని కూడా 40 ఏళ్లలోపు, క్రీ.శ. 70లో, రోమీయులే తగలబెట్టారు. ఆ కన్నీళ్లలో తన గతి ఏమిటన్న దిగులు లేదు. ఆ పట్టణం కోసం, దాని పిల్లల కోసం ఏడ్చాడు. రెండు రకాల కన్నీళ్ల మధ్య తేడా అదే.

పేరు మార్చామా, దేవతను మార్చామా?

రోమీయులకు అదృష్టం ఒక దేవత. ఫోర్టూనా ఆమె పేరు. రోములో ఆమెకు ఎన్నో గుళ్లు ఉండేవి. ఒక గుడి 'ఈ రోజు అదృష్టం' అనే పేరుతోనే ఉండేది. దగ్గరలోని ప్రేనెస్తే అనే ఊళ్లో ఆమె గుడిలో ఓక్ చెక్క ముక్కల మీద రాతలు చెక్కి ఉంచేవారు. భక్తుడి కోసం ఒక పిల్లవాడు చెయ్యి పెట్టి ఒక ముక్క తీసేవాడు. అదే లాటరీ. ఇప్పుడు ఆ పిల్లవాడి చోట కంప్యూటర్ వచ్చింది.

మనం విశ్వాసులం కాబట్టి అదృష్టం అనే మాట వాడం. ఎవరైనా "నీ అదృష్టం బాగుంది" అంటే "కాదండీ, దేవుడి కృప" అని దిద్దుతాం. అది మంచిదే. అగస్టీన్ భక్తుడు ముసలితనంలో తన పాత రచనలు తిరగేసుకుంటూ, ఫోర్టూనా అనే మాట అన్నిసార్లు వాడినందుకు బాధపడ్డాడు. 'దేవుని నగరం' అనే గ్రంథంలో అతను వేసిన ప్రశ్న ఇంకా సూటిగా ఉంటుంది. ఆ దేవత గుడ్డిగా పంచేదైతే ఆమెను పూజించి లాభమేమిటి? చూసి పంచేదైతే ఆమె అదృష్టం ఎలా అవుతుంది?

ఆ ప్రశ్న మన సాక్ష్యాలకు కూడా తగులుతుంది. ఇల్లు కొన్నప్పుడు, గ్రీన్‌కార్డు వచ్చినప్పుడు, లేఆఫ్‌లో మన పేరు లేనప్పుడు దీవెన అంటాం. అవన్నీ జరగనివాడికి ఏం చెబుతాం? గెలిచినవాణ్ణి ప్రేమించి, ఓడినవాణ్ణి విడిచిపెట్టేదాన్ని ఫోర్టూనా అనే అనాలి. పైన యేసయ్య పేరు రాసినంత మాత్రాన ఆమె మన దేవుడు కాదు. సిలోయము గోపురం కూలి చనిపోయిన 18 మంది మిగతావారికంటే పాపులని అనుకోవద్దని ప్రభువే చెప్పాడు (లూకా 13). గోపురం కింద పడనివాళ్లు మిగతావారికంటే నీతిమంతులని అనుకోవడానికీ ఆయన చోటు ఇవ్వలేదు. సిలువ కింద రోమా సైనికులు ఆయన అంగీ కోసం చీట్లు వేసుకున్నారు. అందులో ఎవరో ఒకరికి ఆ అంగీ దక్కింది. ఆ రోజు తనకు కలిసివచ్చిందనే అతను అనుకుని ఉంటాడు.

రెండో పౌలు

పిడ్నా యుద్ధానికి 200 ఏళ్లు దాటాక, సుమారు క్రీ.శ. 50లో, ఇంకొక పౌలు మాసిదోనియకు బయలుదేరాడు. లాటిన్‌లో ఇద్దరిదీ ఒకే పేరు. ఈయన వెనుక సైన్యం లేదు, ఇద్దరు ముగ్గురు తోటివాళ్లు ఉన్నారు. త్రోయ నుంచి ఓడ ఎక్కి సమొత్రాకే మీదుగా వెళ్లారు (అపొ. కార్య. 16:11). పెర్సియస్ దాక్కున్న ద్వీపం అదే. ఆ తరువాతి వచనంలో ఫిలిప్పీని మాసిదోనియలో ఒక భాగానికి చెందిన పట్టణంగా చెప్పారు. మాసిదోనియను అలా నాలుగు భాగాలు చేసింది రోమీయులు. పిడ్నా గెలిచాక పౌలుస్ చేతుల మీదుగా జరిగిన విభజన అది. ఈ వచనాలు చిన్నప్పటి నుంచి ఎన్నోసార్లు చదివాను. ఆ పేర్ల కింద ఇంత చరిత్ర ఉందని ఎప్పుడూ అనుకోలేదు.

ఫిలిప్పీలో పౌలుకు ఎదురైంది ఒక బానిస పిల్ల. ఆమె చేసే పని సోదె చెప్పడం. అంటే జనానికి వాళ్ల అదృష్టం చెప్పి యజమానులకు డబ్బు సంపాదించి పెట్టడం. ఆమె చాలా రోజులు వెంటపడి కేకలు వేస్తే పౌలు విసిగిపోయి ఆ దయ్యాన్ని వెళ్లగొట్టాడని వాక్యం దాచకుండా చెబుతోంది. ఏమైనా, ఆమెకు విడుదల దొరికింది, యజమానుల రాబడి పోయింది. దానికి పౌలూ సీలా బెత్తాల దెబ్బలు తిన్నారు, చెరసాలలో కాళ్లకు బొండ వేయించుకున్నారు. మొదటి పౌలుస్ దండయాత్రలో మనుషులు బానిసలయ్యారు, ఇంటికి డబ్బు వచ్చింది. రెండో పౌలు ప్రయాణంలో ఒక బానిస పిల్ల విడుదలైంది, దెబ్బలు వచ్చాయి.

ఆ రాత్రి సంగతి మీకు తెలుసు. అర్ధరాత్రి పాటలు పాడుతున్నారు, భూకంపం వచ్చింది, తలుపులన్నీ తెరుచుకున్నాయి, సంకెళ్లు ఊడిపోయాయి. మనమైతే ఏం చేస్తాం? "దేవుడు తలుపు తెరిచాడు" అని బయటికి నడిచి, ఆదివారం సాక్ష్యం చెబుతాం. అందులో అబద్ధం కూడా ఉండదు.

పౌలు కదలలేదు. ఆ చీకట్లో చెరసాల నాయకుడు కత్తి దూసి తనను తాను పొడుచుకోబోతున్నాడు. ఖైదీలు పారిపోతే అతని బతుకు అయిపోయినట్టే. పౌలు గట్టిగా కేక వేశాడు. నీకేమీ చేసుకోవద్దు, మేమందరం ఇక్కడే ఉన్నాం అన్నాడు. తనకు తెరుచుకున్న తలుపు ఎవరి ప్రాణం మీదికి వస్తుందో ముందు దాన్ని చూశాడు. ఆ నాయకుడు ఎవరు? కొన్ని గంటల ముందు పౌలు కాళ్లకు బొండ వేసినవాడు.

అదృష్టాన్ని తట్టుకోవడం పౌలుస్‌కు కూడా తెలుసు. కలిమిలోనూ లేమిలోనూ తృప్తిగా ఉండటం నేర్చుకున్నానని ఫిలిప్పీయులకు రాసిన లేఖ 4వ అధ్యాయంలో పౌలు చెప్పిన మాట వింటే, ఆ సేనాపతి మెచ్చుకునేవాడేమో. కానీ అదే లేఖ 2వ అధ్యాయంలో, ఎవరి మేలు వారు చూసుకోకుండా ఇతరుల మేలు కూడా చూడమని పౌలు రాశాడు. రోమా జ్ఞానం నన్ను నిలబెడుతుంది. సువార్త నన్ను నిలబెట్టి, పక్కవాడి వైపు తల తిప్పుతుంది.

ఒక ఫోన్ కాల్

ఇదంతా చదివాక ఒక శనివారం రాత్రి నా స్నేహితుడికి ఫోన్ చేశాను. వాడిప్పుడు హైదరాబాదులో పని చేస్తున్నాడు. పెళ్లయింది, ఒక పాప. ఆ ఆదివారం సాక్ష్యం గుర్తుందా అని అడిగి, క్షమించమన్నాను. వాడు నవ్వాడు. "వదిలెయ్ రా, ఎప్పటి సంగతి" అన్నాడు. కాసేపు ఆగి మళ్లీ వాడే అన్నాడు. "నువ్వు సాక్ష్యం చెప్పడం తప్పేం కాదు. దేవుడే ఇచ్చాడని నేనూ అనుకున్నాను. ఆ రోజు నా పేరు కూడా ఒకసారి ఎత్తి, వీడి కోసం ప్రార్థన చేయండి అని ఉంటే బాగుండేదనిపించింది. అంతే."

అంతే. నేను తిరిగి ఇవ్వలేని వీసా వాడు అడగలేదు. అడిగింది ఒక్క మాట.

కారులో వాడు అడిగిన ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. వాడి వంతు ప్రార్థన ఎక్కడికి పోయిందో నాకు తెలియదు. వాడి విశ్వాసం తక్కువ అనేది మాత్రం జవాబు కాదు. వాడి పక్కనే మోకరించినవాణ్ణి నేను, ఆ విశ్వాసం నాకు తెలుసు.

సాక్ష్యాలు మానేద్దామని నేను అనడం లేదు. కృతజ్ఞత చెప్పకపోతే తప్పు. వచ్చిన ప్రతి మంచిదీ దేవుడి చేతి నుంచే వచ్చిందని చెబుదాం. అయితే వచ్చినందుకు నన్ను నేను పెంచుకోకుండా, రానివాణ్ణి తగ్గించకుండా చెబుదాం. నాకు దొరికిన ఈ చోటు ఎవరికి దొరకలేదో, నేను నిలబడటానికి ఎవరు కష్టపడ్డారో ఒక్కసారి తలుచుకుని చెబుదాం.

వచ్చే మార్చిలో కూడా మన సంఘంలో కొందరి పేర్లు వస్తాయి, కొందరివి రావు. పేరు వచ్చిన తమ్ముడి చుట్టూ ఆ రోజు ఎలాగూ అందరూ చేరతారు. రాని తమ్ముడో చెల్లెలో భోజనాల దగ్గర ప్లేటు పట్టుకుని ఒక మూల నిలబడి ఉంటారు. దయచేసి అటు వెళ్లండి. వాక్యం చెప్పనక్కరలేదు, సమయం గురించీ ప్రణాళిక గురించీ మాట్లాడనక్కరలేదు. పక్కన కూర్చుని కలిసి భోంచేయండి. వెళ్లేటప్పుడు ఇంటికి రమ్మని పిలవండి. ఒకవేళ వాళ్లు ఇండియాకు తిరిగి వెళ్లిపోతే, నాలాగా ఏడాది ఆగకుండా, ఆ వారమే ఫోన్ చేయండి.

ప్రభువు కృప మనందరికీ తోడై ఉండును గాక. ఆమేన్.